సైకిల్ మీద నోస్‌కోన్

ఇద్దరు మనుషులు ఒక సైకిల్‌ని నడిపించుకుంటూ వెళుతున్నారు. వెనక క్యారియర్ మీద కొనతేలిన వస్తువొకటి పదిలంగా పడుకోబెట్టి ఉంది. ఒకరు సైకిల్‌ని నడిపిస్తుంటే ఇంకొకరు ఆ వస్తువు జారకుండా పట్టుకున్నారు. సైకిల్ ఉంది కదా అని ఎవరూ ఎక్కి తొక్కడం లేదు. నిద్రపోతున్న పసిబిడ్డను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తీసుకెళ్లేటప్పుడు ఎంత నెమ్మదిగా అడుగేస్తామో, అంత నెమ్మది ఆ నడకలో ఉంది. అది 1966లో కేరళ తీరంలోని తుంబాలో తీసిన నలుపు తెలుపు ఫొటో. క్యారియర్ మీద ఉన్నది రాకెట్ ముక్కు భాగం, అంటే నోస్‌కోన్.

శ్రీహరికోటలో ప్రయోగం విజయవంతమైన ప్రతిసారీ ఈ ఫొటో మన ఫోన్లలోకి వచ్చి చేరుతుంది. పక్కనే చంద్రయాన్ బొమ్మ ఉంటుంది. కింద ‘అప్పుడలా, ఇప్పుడిలా’ అని ఒక మాట ఉంటుంది. చూడగానే గర్వంగా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ ఫొటోను పేదరికానికి గుర్తుగా మాత్రమే చూసి ముందుకు జరిగిపోతే అందులోని అసలు సంగతి మనకు అందదు. లేమి కంటే ఎక్కువగా ఆ ఫొటోలో ఉన్నది పనితనం.

రాకెట్ ఎగిరే ఫొటోలు ఎన్ని చూసినా మంట, పొగ, వెలుగే కనిపిస్తాయి. మనుషులుండరు. ఉండకూడదు కూడా, ఆ వేళకు అందరూ సురక్షితమైన దూరానికి వెళ్లిపోయి ఉంటారు. ప్రయోగానికి ముందు తీసిన ఫొటోల్లో మాత్రం మనుషులుంటారు. బోల్టు బిగించే చేయి, వైరు సరిచూసే చేయి, బరువెత్తే భుజం కనిపిస్తాయి. రాకెట్ ఎందుకు ఎగురుతుందో, ఎందుకు విఫలమవుతుందో చాలావరకు ఆ చేతుల దగ్గరే తేలిపోతుంది. అంతరిక్ష యుగం తొలినాళ్ల అలాంటి ఫొటోలు కొన్నింటిని దగ్గరగా చూద్దాం.

తుంబానే ఎందుకు?

తుంబా తిరువనంతపురం పక్కనున్న మత్స్యకారుల పల్లె. కొబ్బరిచెట్లు, ఇసుకనేల, ఎదురుగా అరేబియా సముద్రం. 1962లో అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘం ఏర్పడ్డాక, శాస్త్రవేత్తలు విక్రం సారాభాయ్, హోమీ భాభా రాకెట్ కేంద్రానికి చోటు వెతికారు. వాళ్లు ఈ పల్లెను ఎంచుకోవడానికి అసలు కారణం నేల మీద కంటే ఆకాశంలోనే ఎక్కువగా ఉంది.

పటంలో గీసే భూమధ్యరేఖ మనకు తెలుసు. దానికి తోడు అయస్కాంత మధ్యరేఖ అని ఇంకోటి ఉంది. అయస్కాంత సూదిని పైకీ కిందికీ ఊగేలా అమర్చి ఉత్తరానికి తీసుకెళితే దాని ఉత్తరపు కొన నేలవైపు వంగుతుంది. దక్షిణానికి తీసుకెళితే రెండో కొన వంగుతుంది. మధ్యలో ఒకచోట ఎటూ వంగకుండా నేలకు సమాంతరంగా నిలుస్తుంది. అలాంటి చోట్లన్నీ కలిపితే వచ్చే గీతే అయస్కాంత మధ్యరేఖ. అది మన దేశపు దక్షిణ కొస మీదుగా, తుంబాకు దగ్గరగా వెళుతుంది.

ఆ గీత పొడవునా, నేలకు సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, పగటిపూట ఒక విద్యుత్ ప్రవాహం తూర్పు ముఖంగా ఏరులా పారుతుంటుంది. ఎండ తగిలి ఆ ఎత్తులో గాలి అణువులు ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా విడిపోతాయి. అక్కడి గాలుల కదలికకు భూమి అయస్కాంత క్షేత్రం తోడై ఈ ప్రవాహం పుడుతుంది. దీనిని ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అంటారు. కింద నేల మీద ఉన్న అయస్కాంత పరికరాల్లో కూడా దాని జాడ కనిపిస్తుంది. కానీ జాడ చూసి ఊహించడం వేరు, దాని మధ్యలోకే పరికరాన్ని పంపి కొలవడం వేరు.

అక్కడికి వెళ్లే దారి ఒక్కటే. పరిశోధన బెలూన్లు 40 కిలోమీటర్లు దాటి వెళ్లడం కష్టం, ఆ పైన వాటిని మోసేంత గాలి ఉండదు. ఉపగ్రహమేమో 100 కిలోమీటర్ల ఎత్తున తిరగలేదు, అక్కడ మిగిలిన కొద్దిపాటి గాలే రాపిడి పెట్టి దాన్ని కిందికి లాగేస్తుంది. బెలూన్‌కు మరీ ఎత్తు, ఉపగ్రహానికి మరీ తగ్గు అయిన ఈ నడిమి పొరలోకి వెళ్లేది సౌండింగ్ రాకెట్ మాత్రమే. సముద్రం లోతు తెలుసుకోవడానికి నావికులు తాడుకు సీసపు గుండు కట్టి వదిలేవారు. ఆ పనికున్న ఆంగ్ల పేరే ఈ రాకెట్లకూ వచ్చింది. వాళ్లు కిందికి వదిలి లోతు చూస్తే, వీళ్లు పైకి వదిలి ఎత్తు చూస్తారు. కొద్ది నిమిషాల్లో పైకి వెళ్లి, ఆ దారిలోనే కొలవాల్సినవన్నీ కొలిచి, రేడియో ద్వారా కిందికి చెప్పేసి, రాకెట్ సముద్రంలో పడిపోతుంది.

చర్చిలో కూర్చిన రాకెట్

ఎంచుకున్న స్థలంలో సెయింట్ మేరీ మగ్దలీన్ చర్చి ఉంది. చుట్టూ మత్స్యకారుల ఇళ్లు ఉన్నాయి. నాటి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా ఆదివారం ప్రార్థనకు వచ్చిన ఊరివాళ్ల ముందే ఈ సంగతి పెట్టారని, వాళ్లు ఒప్పుకున్నారని అబ్దుల్ కలాం తన రచనల్లో గుర్తుచేసుకున్నారు. ఊరు వేరేచోటికి తరలింది. చర్చి భవనం రాకెట్ కేంద్రానికి పనిచోటయింది. ఈరోజు అదే భవనం అంతరిక్ష ప్రదర్శనశాలగా ఉంది. తరతరాలుగా ఉన్న ఊరినీ, మొక్కుకున్న గుడినీ ఒక శాస్త్రప్రయోగం కోసం వదిలిన ఆ జాలరి కుటుంబాలు ఏ ప్రయోగ ఫొటోలోనూ కనిపించవు. మన అంతరిక్ష చరిత్రలో తొలి సహకారం మాత్రం వాళ్లదే.

1963 నవంబర్ 21న అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది. దాని పేరు నైకీ-అపాచీ, అమెరికాలో తయారైన రెండంచెల రాకెట్. కింది అంచె విమానాలను కూల్చే నైకీ క్షిపణి కోసం రూపొందిన బూస్టర్. యుద్ధం కోసం పుట్టిన ఇంధనపు గొట్టం వాతావరణ పరిశోధనకు పనికొచ్చింది. రాకెట్ అమెరికాది, అందులోని సోడియం పేలోడ్ ఫ్రాన్స్‌ది. ఆ తొలి ఏళ్లలోనే సోవియట్ యూనియన్ నుంచి హెలికాప్టర్, కంప్యూటర్ వచ్చాయి. ప్రచ్ఛన్న యుద్ధంలో ఒకదానికొకటి ముఖం చూసుకోని దేశాలు తుంబా ఇసుకలో పక్కపక్కన పనిచేశాయి. 1968 ఫిబ్రవరి 2న ఇందిరాగాంధీ ఈ కేంద్రాన్ని ఐక్యరాజ్యసమితికి అంకితం చేశారు.

తొలి ప్రయోగం నాటి సాయంత్రం గురించి కలాం తన ఆత్మకథలో రాసిన వివరం ఒకటుంది. తెలుగు పాఠకులకు ఆ పుస్తకం ‘ఒక విజేత ఆత్మకథ’గా పరిచయం. రాకెట్‌ను చర్చి భవనంలో కూర్చారు. దాన్ని లాంచర్ దగ్గరికి తీసుకెళ్లడానికి ఒక లారీ, చేత్తో నడిపే హైడ్రాలిక్ క్రేన్ తప్ప ఇంకేమీ లేవు. తీరా లాంచర్ మీదికి ఎక్కించే వేళకు క్రేన్‌లో నూనె కారడం మొదలైంది, రాకెట్ ఒరగసాగింది. ప్రయోగ సమయం దగ్గరపడుతోంది. బాగుచేసే వ్యవధి లేదు. అక్కడున్నవాళ్లంతా కలిసి భుజబలంతోనే దాన్ని పైకెత్తి లాంచర్ మీద కూర్చోబెట్టారు. రాకెట్ మొత్తం బరువు సుమారు 715 కిలోలు.

రాకెట్ కూర్పు, భద్రత కలాం బాధ్యత. అమర్చి ప్రయోగానికి సిద్ధం చేసిన పని డి. ఈశ్వరదాస్‌ది, రాడార్, టెలిమెట్రీ పనులు ఆర్. ఆరవముదన్‌వి. వీళ్లంతా అమెరికాలోని నాసా కేంద్రాల్లో శిక్షణ పొంది వచ్చిన యువకులు. భద్రత అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రాకెట్లలోది ఘన ఇంధనం. ఒకసారి అంటుకుంటే ఆర్పడం కుదరదు, తగ్గించడం కుదరదు. దాన్ని రగిలించే ఇగ్నైటర్‌కు చిన్న విద్యుత్ తాకిడి చాలు. నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడే స్థిర విద్యుత్తు కూడా అలాంటి చోట ప్రమాదమే. అందుకే ఇగ్నైటర్ వైర్ల కొసలను చివరిదాకా ఒకదానికొకటి కలిపి ఉంచుతారు, అప్పుడు దాని గుండా విద్యుత్తు దారితప్పి పారదు. చివరి మనిషి వాటిని విడదీసి, ఫైరింగ్ లైనుకు కలిపి, వెనక్కి వచ్చేస్తాడు. సన్నాహాల ఫొటోల్లో రాకెట్ దగ్గర కొద్దిమందే కనిపించడానికి ఇదే కారణం. పని లేని మనిషి అక్కడ ఉండకూడదు.

ఆకాశంలో రాసిన గీత

సూర్యుడు అస్తమించాక రాకెట్ లేచింది. ఆ వేళను ఊరికే ఎంచుకోలేదు. పేలోడ్‌లో ఉన్నది సోడియం. పైకి వెళ్లాక దాన్ని వేడిచేసి ఆవిరిగా వదులుతారు. ఆ వేళకు నేల మీద చీకటి పడుతుంటుంది. 100 కిలోమీటర్ల పైన మాత్రం ఇంకా ఎండ ఉంటుంది. మనకు మసక, మేఘానికి మాత్రం పగలే. ఎండ తగిలిన సోడియం పరమాణువులు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకుని, అదే పసుపు కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతాయి. మొన్నటిదాకా మన వీధుల్లో వెలిగిన సోడియం దీపాల రంగు అదే. కేరళ తీరం మీద ఆ సాయంత్రం ఆకాశంలో పసుపు కలిసిన నారింజ రంగు మేఘం తేలింది. ఎన్నో ఊళ్ల జనం తలెత్తి చూశారు.

అందం దానికి తోడుగా వచ్చిందే, అసలు పని కొలత. రాకెట్ వదిలిన ఆవిరి మొదట దాదాపు నిటారు గీతలా ఉంటుంది. క్షణాల్లో అది మెలికలు తిరగడం మొదలుపెడుతుంది, ఎందుకంటే ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకు వీస్తుంది. ఒక పొరలో తూర్పుకు, పది కిలోమీటర్ల పైన పడమరకు వీచినా వీస్తుంది. దూరదూరంగా ఉన్న చోట్ల నుంచి కెమెరాలు ఒకే క్షణంలో ఆ గీతను ఫొటో తీస్తాయి. ముఖం ముందు వేలు పెట్టి ఒక్కో కన్ను మూసి చూడండి. వెనక గోడ మీద వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. రెండు చోట్ల కెమెరాలకూ మేఘం అలాగే వేరువేరు చోట కనిపిస్తుంది. ఇక్కడ వెనక గోడ పని నక్షత్రాలు చేస్తాయి. ఫొటోలో మేఘం పక్కనే పడిన నక్షత్రాల స్థానం ముందే తెలుసు కాబట్టి, కెమెరా ఏ దిక్కుకు చూస్తోందో కచ్చితంగా లెక్క తేలుతుంది. రెండు దిక్కుల గీతలు కలిసిన చోట మేఘం ఉంటుంది. వరస ఫొటోల్లో అది ఎంత జరిగిందో చూస్తే గాలి వేగం తెలుస్తుంది.

అంటే తుంబాలో ఫొటో జ్ఞాపకం మాత్రమే కాదు, కొలబద్ద కూడా. దాదాపు 200 కిలోమీటర్ల ఎత్తుకు చేరిన ఆ రాకెట్ తెచ్చిన సమాచారానికి ఫొటో ఫిల్మే ఆధారం.

క్యారియర్ మీద ఉన్నదేమిటి?

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం. ఆ ఫొటో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆంరీ కార్తియే-బ్రెసోఁ తీసింది. 1948 జనవరి 30న, హత్యకు కొద్దిసేపటి ముందు గాంధీజీని కలిసి, ఆ తర్వాత అంత్యక్రియల ఫొటోలు ప్రపంచానికి అందించినది ఆయనే. క్షణాన్ని పట్టుకోవడంలో ఆయనకు సాటి లేరని పేరు. అలాంటి మనిషి తీసిన తుంబా ఫొటోల్లో లోకానికి గుర్తుండిపోయింది నిప్పులు చిమ్మే రాకెట్ కాదు, నెమ్మదిగా నడిచే సైకిల్. అందులో ఉన్నవాళ్లు ఇంజనీరు సి.ఆర్. సత్య, ఆయన సహాయకుడు వేలప్పన్ నాయర్.

రాకెట్‌లో సున్నితమైన భాగం నోస్‌కోన్. దానికి మూడు పనులు. మొదటిది గాలిని చీల్చడం. శబ్దవేగాన్ని ఎన్నో రెట్లు దాటి వెళ్లే రాకెట్ ముందు గాలి పక్కకు తప్పుకునే వ్యవధి లేక గట్టిగా నొక్కుకుపోయి, వేడెక్కుతుంది. కొనతేలిన ఆకారం ఆ దెబ్బను తగ్గిస్తుంది. రెండోది పరికరాలను కాపాడటం. కొలిచే సామగ్రి ఉండే చోటు అదే, రాకెట్ మిగతా భాగమంతా దాన్ని పైకి మోసుకెళ్లే వాహనం. మూడో పని బాణం చూస్తే అర్థమవుతుంది. బాణానికి ముందు బరువైన ములుకు, వెనక తేలికైన ఈకలు ఉంటాయి. బరువు ముందు, గాలి పట్టు వెనక ఉన్నంతకాలం బాణం తిన్నగా పోతుంది. ఈ సౌండింగ్ రాకెట్లకు దారి మార్చుకునే యంత్రాంగం లేదు. ముందు నోస్‌కోన్ బరువు, వెనక రెక్కలు, ఈ రెండే వాటిని తిన్నగా నడిపిస్తాయి. ముక్కులో బరువు ఒక పక్కకు ఒరిగితే రాకెట్ బొంగరంలా తూలుతుంది. అందుకే పరికరాలు అమర్చాక నోస్‌కోన్‌ను తూచి, తిప్పి, ఎక్కడ బరువు ఎక్కువైతే అక్కడ సరిచేస్తారు. అలా సరిచేసిన వస్తువుకు దారిలో దెబ్బ తగలకూడదు.

ఇప్పుడు మళ్లీ ఫొటో చూడండి. కేంద్రంలో వాహనాలు బహు తక్కువ. వెళ్లాల్సింది కేంద్రం లోపలే, కొద్ది దూరం. వస్తువు ఇద్దరు మోయగలిగినదే. నడిపించుకుపోయే సైకిల్ గుంత దగ్గర ఆగుతుంది, రాయి దగ్గర పక్కకు తప్పుకుంటుంది, పట్టుకున్న చేతికి ప్రతి కుదుపూ ముందే తెలుస్తుంది. బండి లేకపోవడం నిజమే. కానీ ఉన్న సాధనాన్ని వస్తువు స్వభావం తెలిసి వాడటం కూడా అంతే నిజం. ఆ తర్వాతి ఏడాదే, 1967 నవంబర్ 20న, అక్కడే తయారైన రోహిణి రాకెట్ ఎగిరింది. దాని వ్యాసం 75 మిల్లీమీటర్లు, రెండు చేతుల్లో పట్టేంత సన్నం. మన సొంత రాకెట్ విద్య అక్కడ మొదలైంది.

మంచులో గొడార్డ్, సారువ నడుమ బంపర్

సర్దుకుపోవడం మన ఒక్కరికే తప్పలేదు. తొలిరోజుల్లో ఏ దేశపు ఫొటో చూసినా ఇదే కనిపిస్తుంది.

1926 మార్చి 16. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఆబర్న్ ఊళ్లో ఒక పొలం. నేలంతా మంచు. దళసరి కోటు, బూట్లు వేసుకున్న రాబర్ట్ గొడార్డ్ ఒక ఇనుప చట్రం పక్కన నిలబడి దాన్ని పట్టుకున్నారు. చట్రంలో సన్నటి గొట్టాలతో అల్లినట్టున్న వస్తువొకటి ఉంది. ప్రపంచంలో ద్రవ ఇంధనంతో ఎగిరిన తొలి రాకెట్ అదే. పెట్రోలు దాని ఇంధనం, దాన్ని మండించేది ద్రవ ఆక్సిజన్. అది రెండున్నర సెకన్లు ఎగిరి, సుమారు 12 మీటర్ల ఎత్తుకు వెళ్లి, పొలంలోనే పడింది. గొడార్డ్ భార్య ఎస్తర్ సినిమా కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అది స్ప్రింగుతో నడిచే కెమెరా, ఒకసారి కీ ఇస్తే కొద్ది సెకన్లే తిరుగుతుంది. రాకెట్ రగిలాక పైకి లేవడానికి అంతకంటే ఎక్కువ సేపు పట్టింది. ఎగిరిన క్షణం కెమెరాకు చిక్కలేదు. చరిత్ర మలుపు తిరిగిన ఆ ప్రయోగానికి మనకు మిగిలిన ముఖచిత్రం సన్నాహాల ఫొటోయే.

ఆ ఫొటోలో ఒక శాస్త్ర పాఠం కూడా ఉంది. రాకెట్ ఇంజిన్ పైన ఉంది, ఇంధనం ట్యాంకులు కింద వేలాడుతున్నాయి. పైనుంచి లాగితే కింది బరువు లోలకంలా నిటారుగా వేలాడుతుందని, రాకెట్ ఒరగదని అనిపిస్తుంది. నిజానికి రాకెట్ ఒరిగితే ఇంజిన్ కూడా దాంతోపాటే ఒరుగుతుంది. తోపు దిక్కు కూడా మారిపోతుంది. పైన పెట్టినంత మాత్రాన స్థిరత్వం రాదు. తర్వాత గొడార్డ్ ఇంజిన్‌ను కిందికి మార్చారు. ఒక మేధావి ఆలోచన ఎక్కడ మొదలై ఎటు మలుపు తిరిగిందో ఆ ఫొటోలో కళ్లకు కడుతుంది.

ఇంకో ఫొటో 1950 నాటిది. ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్. ఆ ఏడాది జూలై 24న అక్కడి నుంచి లేచిన తొలి రాకెట్ బంపర్-8. జర్మన్ల వీ-2 క్షిపణి మీద చిన్న రాకెట్ ఒకటి నిలబెట్టి చేసిన రెండంచెల వాహనమది. దాని చుట్టూ మనుషులు ఎక్కి పనిచేయడానికి పెట్టినది భవనాలకు రంగులేసేవాళ్లు వాడే సారువ లాంటిదే. తర్వాత చంద్రుడి మీదికి మనుషులను పంపింది ఆ తీరం నుంచే. ఒకచోట సారువ, ఒకచోట సైకిల్. కొత్త పనికి కావాల్సిన పనిముట్లు ముందుగా తయారై ఉండవు. వాటిని ఆ పని చేస్తూనే తయారుచేసుకోవాలి.

పేరు రాయని ఫొటో

సోవియట్ ఫొటోల కథ వేరు. తొలి ఉపగ్రహం స్పుత్నిక్ సన్నాహాల ఫొటో ఒకటి చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. తెల్లకోటు వేసుకున్న ఒక నిపుణుడు మెరిసే గోళం మీద పనిచేస్తున్నాడు. 1957 అక్టోబర్ 4న కక్ష్యలోకి వెళ్లిన ఆ గోళం వ్యాసం 58 సెంటీమీటర్లు, బరువు 83.6 కిలోలు. ఆ మెరుపు కేవలం అందానికి కాదు. అంతరిక్షంలో ఎండ తగిలితే విపరీతమైన వేడి, నీడలోకి వెళితే విపరీతమైన చలి. నున్నగా మెరిసే ఉపరితలం ఎండను చాలావరకు వెనక్కి కొట్టి లోపలి వేడి హద్దు దాటకుండా చూస్తుంది. లోపల నైట్రోజన్ వాయువు నింపి, దాన్ని తిప్పడానికి చిన్న ఫ్యాన్ కూడా పెట్టారు.

వాళ్ల ఆర్-7 రాకెట్ ఫొటోల్లో రాకెట్ రైలు పట్టాల మీద పడుకుని ప్రయాణిస్తుంటుంది. ప్రయోగ వేదిక దగ్గరికి వచ్చాకే దాన్ని నిలబెడతారు. నిలబెట్టాక కూడా అది కాళ్ల మీద నిలబడదు. నాలుగు ఇనుప చేతులు దాని నడుము పట్టుకుని వేలాడదీస్తాయి. ఇంజిన్లు రగిలి రాకెట్ తన బరువును తానే మోసుకోవడం మొదలవగానే ఆ చేతులు పువ్వు విచ్చుకున్నట్టు వెనక్కి వాలిపోతాయి. సోయుజ్ రాకెట్లు అదే పద్ధతి పాటిస్తున్నాయి.

ఇదంతా నడిపించిన సెర్గీ కొరొల్యోవ్ పేరు మాత్రం బతికినన్నాళ్లు ప్రజలకు తెలియనివ్వలేదు. పత్రికల్లో ఆయన ‘ప్రధాన రూపకర్త’ మాత్రమే. తొలి ఉపగ్రహాన్ని, తొలి వ్యోమగామిని పంపిన మనిషి పేరు లోకానికి తెలిసింది 1966 జనవరి 14న ఆయన మరణించాకే. కార్తియే-బ్రెసోఁ తుంబాలో సైకిల్ ఫొటో తీసిన సంవత్సరం కూడా అదే. అంత గొప్ప పని చేసి, ఫొటో కింద పేరైనా లేకుండా వెళ్లిపోవడం ఎంత అన్యాయమో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఎద్దుబండి ఎందుకెక్కింది?

సైకిల్ తర్వాత మనకు బాగా తెలిసిన ఫొటో ఎద్దుబండిది. బండి మీద యాపిల్ ఉపగ్రహం ఉంటుంది. 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్లిన ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహమది, బరువు సుమారు 670 కిలోలు. అంత విలువైన వస్తువును మోయడానికి లారీ దొరకలేదా అని చాలామంది అడుగుతారు.

జవాబు యాంటెన్నాలో ఉంది. ఉపగ్రహం కక్ష్యలో ఎలా పనిచేస్తుందో కింద పరీక్షించాలంటే, దాని యాంటెన్నా వదిలే రేడియో తరంగాలు చుట్టుపక్కల లోహానికి తగిలి చెదరకూడదు. ఇనుప శరీరమున్న లారీ మీద పెడితే తరంగాలు దానికి కొట్టుకుని వెనక్కి వచ్చి కొలతను పాడుచేస్తాయి. పైన అంతరిక్షంలో లారీ ఉండదు కదా! లోహం వీలైనంత తక్కువగా ఉండి, ఆరుబయటికి లాక్కెళ్లగలిగే వేదిక కావాలి. కొయ్యతో చేసిన ఎద్దుబండికి ఆ లక్షణాలన్నీ ఉన్నాయి. కాబట్టి ఎద్దుబండి ఆ రోజున గత్యంతరం లేక ఎక్కించిన బండి కాదు. పరీక్షకు సరిపోతుందని ఎంచుకున్న ఉపకరణం. ఆ ఫొటోను చూసి జాలిపడాల్సిన పని లేదు, దాన్ని ఎంచినవాళ్ల బుర్రను మెచ్చుకోవాలి.

తూర్పు తీరానికి

సౌండింగ్ రాకెట్లకు తుంబా సరిపోయింది, పైకి వెళ్లి సముద్రంలో పడితే చాలు. ఉపగ్రహానికి అది చాలదు. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం కావాలి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి తూర్పుకు వదిలితే ఆ వేగంలో కొంత ఉచితంగా వస్తుంది. మన అక్షాంశాల దగ్గర అది సెకనుకు సుమారు 450 మీటర్లు. పడమటి తీరాన తుంబా నుంచి తూర్పుకు వదిలితే రాకెట్ దారి కింద ఊళ్లు ఉంటాయి. తూర్పు తీరాన వదిలితే బంగాళాఖాతం ఉంటుంది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి అలా వెలుగులోకి వచ్చింది. 1971 అక్టోబర్ 9న అక్కడ తొలి రోహిణి-125 రాకెట్ ఎగిరింది. 1980 జూలై 18న 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువున్న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తుంబాలో క్రేన్ మొరాయిస్తే భుజం పట్టిన కలాం ఆ ప్రాజెక్టుకు డైరెక్టర్.

సూళ్లూరుపేట వైపు ఊళ్లలో రాకెట్ లేస్తుంటే మేడలెక్కి చూసే అలవాటు తరాలుగా ఉంది. ఆ ఊళ్లలోనూ, హైదరాబాద్‌లోనూ, తెలుగువాళ్లున్న ఇంకెన్నో చోట్లా ఈ పనిలో జీవితం గడిపి విరమించినవాళ్లున్నారు. ఇంజనీర్లే కాదు. వెల్డర్లు, ఫిట్టర్లు, క్రేన్ నడిపినవాళ్లు, ఇంధనం కలిపినవాళ్లు, కాపలా కాసినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున పాత ఫొటోలు ఉంటాయి. సహోద్యోగులతో తీసుకున్నవి, పనిచోట తీసుకున్నవి. వాటిలో ఎవరు ఎవరో ఆ ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషితో పాటు ఆ సంగతీ పోతుంది.

మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోండి. ప్రతి ఫొటోకూ మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ సంవత్సరం? ఇందులో ఉన్నది ఎవరెవరు? వాళ్ల చేతుల్లో ఉన్న పని ఏమిటి? జవాబులను ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ముందువైపుకు ఊరుతుంది. ఒక కాపీ ఫోన్లో దాచండి, అసలు ఫొటోను చెమ్మ తగలని చోట పెట్టండి. సైకిల్ మీది నోస్‌కోన్ ఫొటో ఈరోజు మనకు విలువైనదైంది దాన్ని గొప్ప ఫొటోగ్రాఫర్ తీసినందుకు మాత్రమే కాదు. అందులో నడుస్తున్న ఇద్దరి పేర్లు మనకు తెలుసు కాబట్టి కూడా.